బాలు చివరి ఏడాది.. అభిమానులకు మిగిలిన బాధ్యత

అప్పనపల్లి (మామిడికుదురు): గాన గంధర్వుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు తలచుకోగానే అభిమానుల మనసులో మెదిలే తేదీ 2020 సెప్టెంబరు 25. ఆ రోజు మధ్యాహ్నం 1.04 గంటలకు ఆయన చెన్నైలో కన్నుమూశారు. అంతకు ముందు 51 రోజుల పాటు కోనసీమ పల్లెలు సైతం ఆసుపత్రి బులెటిన్ల కోసం ఎదురుచూశాయి. అందుకే ఆ ఏడాది అనగానే వెంటిలేటరు, ఎక్మో, నెగెటివ్ వంటి మాటలే చాలామందికి గుర్తుకొస్తాయి. ఏడాది మొత్తాన్ని వరుసగా చూస్తే మాత్రం మరో చిత్రం కనిపిస్తుంది. ఇంటిని దానం చేయడంతో మొదలై, తల్లిదండ్రుల విగ్రహాల తలంపుతో, ఇంటి నుంచే అభిమానుల కోసం పాడిన పాటలతో సాగిన సంవత్సరమది. ఆసుపత్రి అందులో చివరి అధ్యాయం మాత్రమే.

తెరపై వేంకటేశుని గళం

వైనతేయ నదీతీరాన బాల బాలాజీ కొలువైన అప్పనపల్లికి బాలు గొంతుతో ఒక ప్రత్యేక అనుబంధం ఉందని చెప్పవచ్చు. 1997లో విడుదలైన 'అన్నమయ్య' చిత్రంలో అన్నమాచార్యుని పాత్రకు పాడినది ఆయనే. అదే చిత్రంలో వేంకటేశ్వరునిగా నటించిన సుమన్‌కు మాటలు చెప్పినదీ ఆయనే. భక్తుడు పాడితే బాలు గొంతు, భగవంతుడు పలికితే బాలు గొంతు. వేంకటేశుని వెండితెరపై చూసిన ఒక తరానికి స్వామి మాట ఎలా ఉంటుందంటే గుర్తుకొచ్చేది ఆ కంఠమే.

పల్లెల్లో అభిమానులంటే కార్యాలయం, సభ్యత్వ రుసుము ఉన్న సంఘమే కానక్కరలేదు. పెళ్లి పందిట్లో, తిరునాళ్ల పాటకచేరీలో, కొబ్బరి దింపు దగ్గర, ఆటోలో.. ఎక్కడ పాట వినిపించినా పల్లవి ఎత్తుకోగానే ఆ పాట ఏ నటునికి పాడినదో పోల్చుకోగలిగిన వారంతా ఆయన అభిమానులే. అక్కినేనికి ఒక తీరు, రామారావుకు ఒక తీరు, కృష్ణకు మరో తీరు, అల్లు రామలింగయ్యకు ఇంకో తీరు. నటుని గొంతుకు దగ్గరగా తన గొంతును మలచుకోవడం బాలు సాధించిన విద్య. పాట వింటుంటే తెరపై మనిషి కళ్ల ముందు నిలిచేది. సినిమా చూడని వారికి సైతం ఆయన దగ్గరవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' పాట రికార్డింగుతో ఆయన సినీ గాయకుడయ్యారు. అవకాశం ఇచ్చిన సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి పేరునే తరువాత తన రికార్డింగ్ థియేటరుకు పెట్టుకున్నారు. 'శంకరాభరణం', 'ఏక్ దూజే కే లియే', 'సాగర సంగమం', 'రుద్రవీణ' సహా ఆరు చిత్రాలకు జాతీయ ఉత్తమ గాయకుడిగా నిలిచారు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ భాషల్లో ఈ పురస్కారాలు అందుకున్నారు. 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్ వరించాయి. 2006లో వచ్చిన 'గోదావరి' చిత్రంలో నదిని కీర్తిస్తూ ఆయన పాడిన పాటను ఈ ప్రాంతవాసులు తమ సొంత పాటగానే భావిస్తారు.

ఇవ్వడంతో మొదలైన ఏడాది

2020 జనవరిలో విడుదలైన 'డిస్కో రాజా' చిత్రంలో బాలు పాడిన ప్రేమగీతం కుర్రకారు నోళ్లలో నానింది. అప్పటికి ఆయన వయసు 73 ఏళ్లు. గొంతులో వయసు తెలియలేదు.

ఆ మరుసటి నెలలోనే ఆయన ఒక పెద్ద నిర్ణయాన్ని ఆచరణలో పెట్టారు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని కంచి కామకోటి పీఠానికి అప్పగించారు. సంస్కృత వేద పాఠశాల నిర్వహణకు ఆ ఇల్లు ఉపయోగపడాలన్నది ఆయన సంకల్పం. తండ్రి సాంబమూర్తి హరికథా విద్వాంసులు. తల్లి శకుంతలమ్మ 2019 ఫిబ్రవరిలో కాలం చేశారు. అమ్మ వెళ్లిపోయిన ఏడాదికి ఆ ఇంటిని అమ్మకానికి పెట్టకుండా, తాళం వేసి వదిలేయకుండా, నలుగురూ చదువుకునే చోటుగా మార్చారు. ఆ రోజు పీఠాధిపతి విజయేంద్ర సరస్వతి సమక్షంలో బాలు స్వయంగా పాడి ఇంటిని అప్పగించడం అభిమానులు మరిచిపోలేని ఘట్టం.

కొత్తపేటకు అందిన కోరిక

కోనసీమ ఆ ఏడాదితో నేరుగా ముడిపడింది ఇక్కడే. తన తల్లిదండ్రుల విగ్రహాల తయారీని బాలు కొత్తపేటకు చెందిన ప్రముఖ శిల్పి రాజ్‌కుమార్ ఉడయార్‌కు అప్పగించారు. ఆ పని సాగుతుండగానే తన విగ్రహాన్నీ తయారు చేయాలని కోరారు. ఆయన మరణానంతరం ఈ విషయం వెలుగులోకి రావడంతో అభిమానులు విస్తుపోయారు. తన ముగింపు ఆయనకు ముందే తెలిసిందా అన్న చర్చ సాగింది.

అయితే దీనిని శకునంగా చూడనవసరం లేదు. గురువులకు, పెద్దలకు గుర్తులు నిలపడం ఆయనకు కొత్త కాదు. కోదండపాణి పేరును థియేటరుకు పెట్టుకున్న మనిషి, అమ్మానాన్నల రూపాన్ని నిలపాలనుకోవడం సహజం. శిల్పి చేతిలో పని ఉన్నప్పుడే తన బొమ్మ కూడా పూర్తి చేయించుకోవాలనుకోవడంలో ముందుచూపు ఉండవచ్చు గానీ, మృత్యువు పిలుపు ఉందని చెప్పలేం. కోనసీమకు మిగిలిన సంగతి ఒక్కటే. దేశమంతా తిరిగిన గాయకుడు తన తల్లిదండ్రుల రూపాన్ని నమ్మకంగా అప్పగించినది గోదావరి పాయల మధ్య ఉన్న ఒక ఊరి చేతులకే.

గుడి మూసినా ఆగని పాట

మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ వచ్చింది. ఆలయాల్లో దర్శనాలు నిలిచాయి. కళ్యాణ మండపాలు ఖాళీ అయ్యాయి. తిరునాళ్లు, జాతరలు లేకపోవడంతో పాటకచేరీలు ఆగిపోయాయి. వాటినే నమ్ముకున్న గాయకులకు, కీబోర్డు, తబలా, డోలు వాయించే కళాకారులకు ఆ వేసవి ఎంతో భారంగా గడిచింది. పెళ్లిళ్ల సీజను సంపాదనతోనే ఏడాది నెట్టుకొచ్చే కుటుంబాలు వారివి.

ఆ రోజుల్లో బాలు ఊరుకోలేదు. సాయంత్రం వేళ ఇంటి నుంచే ఫేస్‌బుక్ ప్రత్యక్ష ప్రసారంలోకి వచ్చి అభిమానులు కోరిన పాటలు పాడారు. అందుకు ప్రతిగా వారిచ్చే చిన్నచిన్న విరాళాలను కరోనా సహాయక కార్యక్రమాలకు కేటాయించారు. కరోనాపై అవగాహన కల్పించే పాటలూ పాడారు. మే నెలాఖరున ఇళయరాజా స్వరపరచిన 'భారత్ భూమి' గీతం విడుదలైంది. వైద్యులు, పోలీసులు, పారిశుద్ధ్య సిబ్బంది సేవలకు వందనంగా రూపొందిన ఆ గీతాన్ని తమిళంలో ఆలపించినది బాలు. పాటల హక్కుల విషయమై 2017లో ఇద్దరి మధ్య వచ్చిన ఎడబాటు అప్పటికే తొలగింది. పాత మిత్రులు మళ్లీ కలిసి పనిచేయడం అభిమానులకు ఎంతో ఊరట కలిగించింది.

ఆగస్టు 5 సందేశం

ఆగస్టు 5న ఆయన ఒక వీడియో విడుదల చేశారు. రెండు మూడు రోజులుగా జలుబు, జ్వరం, ఛాతీలో పట్టేసినట్లు ఉండటంతో పరీక్ష చేయించుకున్నానని, స్వల్ప లక్షణాలతో కరోనా సోకినట్లు తేలిందని తెలిపారు. ఇంట్లోనే ఉండవచ్చని వైద్యులు చెప్పినా, కుటుంబ సభ్యులకు ఇబ్బంది కలగకూడదని ఆసుపత్రిలో చేరినట్లు వివరించారు. పరామర్శకు ఫోన్లు చేయవద్దని, విశ్రాంతి తీసుకుని తిరిగి వస్తానని ధైర్యం చెప్పారు. ఆ మాటల్లో ఆందోళన లేదు. అభిమానులూ ధైర్యంగానే ఉన్నారు.

వారం గడిచేసరికి పరిస్థితి మారింది. ఆగస్టు 13 రాత్రి ఆరోగ్యం విషమించింది. ఆయనను ఐసీయూకు మార్చి ప్రాణాధార వ్యవస్థపై ఉంచినట్లు మరునాడు ఆసుపత్రి వర్గాలు ప్రకటించాయి. కరోనా తీరు తెలిసిన వైద్యులకు ఇది అనూహ్యం కాదు. కొందరిలో మొదటి వారం మామూలు జ్వరంలా గడిచి, రెండో వారంలో ఊపిరితిత్తుల్లో వాపు పెరుగుతుంది. వయసు పైబడిన వారిలో ఈ ముప్పు ఎక్కువ. స్వల్ప లక్షణాలన్న మాట ఆనాటి స్థితికి వర్తించేదే తప్ప రానున్న రోజులకు హామీ కాదు.

వరద మధ్య ప్రార్థన

సరిగ్గా అదే సమయంలో కోనసీమను గోదావరి ముంచెత్తింది. ఆగస్టు మూడో వారంలో ధవళేశ్వరం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయింది. వరద వచ్చిన ప్రతిసారీ ముందుగా నీట మునిగే దారుల్లో అప్పనపల్లి కాజ్‌వే ఒకటి. లంక గ్రామాల వారికి పడవలే దిక్కయ్యే రోజులవి. ఓ పక్క కరోనా, మరో పక్క వరద. ఆ నడుమ చెన్నై నుంచి వచ్చే కబురు.

ఆగస్టు 20 సాయంత్రం 6 గంటలకు అందరూ తమ తమ ఇళ్ల నుంచే బాలు కోసం ప్రార్థించాలని తమిళ చిత్రసీమ పిలుపునిచ్చింది. ఇళయరాజా, రజనీకాంత్, కమల్ హాసన్, ఏఆర్ రెహమాన్ వంటి ప్రముఖులు అందులో పాలుపంచుకున్నారు. ఆ పిలుపులో ఒక విశేషం ఉంది. దీపం వెలిగించమనో, మంత్రం జపించమనో కాక, ఆయన పాటనే వినిపించమని కోరారు. మతంతో, భాషతో నిమిత్తం లేకుండా ఎవరైనా చేయగల ప్రార్థన అది. గుమిగూడే వీలు లేని కాలంలో అభిమానులకు ఒక సామూహిక కార్యంలో పాల్గొన్న భావన కలిగింది.

ఎక్మో అంటే..

ఆ రోజుల్లో పల్లెల్లో తొలిసారి వినిపించిన మాట ఎక్మో. అది మందు కాదు, యంత్రం. వెంటిలేటరు గాలిని ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. ఊపిరితిత్తులే దెబ్బతిని ఆ గాలిలోని ప్రాణవాయువును రక్తంలోకి చేర్చలేనప్పుడు వెంటిలేటరు ఒక్కటే చాలదు. అప్పుడు పెద్ద సిర నుంచి గొట్టం ద్వారా రక్తాన్ని వెలుపలికి తీసి, ఒక ప్రత్యేక పొర గుండా పంపి, బొగ్గుపులుసు వాయువును తొలగించి ప్రాణవాయువును కలిపి తిరిగి శరీరంలోకి పంపుతారు. ఊపిరితిత్తుల పనిని కొంతకాలం యంత్రం చేసిపెడుతుంది. ఈలోగా ఊపిరితిత్తులు కోలుకోవాలన్నదే వైద్యుల ఆశ.

ఇందులో ప్రమాదాలూ ఉన్నాయి. యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాలి. వాటి వల్ల రక్తస్రావం జరగవచ్చు. గొట్టాల ద్వారా ఇతర ఇన్‌ఫెక్షన్లు సోకవచ్చు. రోజులు గడిచే కొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. నిలకడగా ఉందని బులెటిన్‌లో రాస్తే కోలుకున్నారని అర్థం కాదు. నిన్నటి కంటే క్షీణించలేదని మాత్రమే దాని భావం. ఈ తేడా తెలియక ప్రతి ప్రకటననూ శుభవార్తగా భావించిన అభిమానులు ఎందరో.

నెగెటివ్ వచ్చినా ఎందుకు దక్కలేదు?

ఇప్పటికీ అభిమానులను వేధించే ప్రశ్న ఇదే. సెప్టెంబరు 7న కుమారుడు ఎస్పీ చరణ్ ఒక ప్రకటన చేశారు. తండ్రికి కరోనా నెగెటివ్ వచ్చిందని తెలిపారు. ఆసుపత్రిలోనే తల్లిదండ్రుల పెళ్లిరోజు జరిపామని, నాన్న రాతతో తన భావాలు తెలియజేస్తున్నారని, క్రికెట్, టెన్నిస్ చూస్తున్నారని, ఐపీఎల్ కోసం ఎదురుచూస్తున్నారని వివరించారు. అంతకు ఒక్కరోజు ముందు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం దగ్ధమైన వార్తతో కోనసీమ కలత చెంది ఉంది. ఆ బాధలో ఉన్న వారికి చరణ్ మాట చల్లని కబురైంది. ఇక ఇంటికి రావడమే తరువాయి అనుకున్నారు.

నెగెటివ్ అంటే శరీరంలో వైరస్ జాడ పరీక్షకు చిక్కలేదని అర్థం. అది చేసి వెళ్లిన నష్టం మాయమైందని కాదు. వరద తీసిన తరువాత కూలిన గోడ తనంతట తాను లేవదు. దెబ్బతిన్న ఊపిరితిత్తులదీ అదే తీరు. వారాల తరబడి మంచంపై ఉన్న రోగి కండరాలు బలహీనపడతాయి. ఇతర అవయవాలపై ఒత్తిడి పెరుగుతుంది. ఆయనను కూర్చోబెడుతున్నామని, ద్రవాహారం అందిస్తున్నామని ఆ తరువాతా చరణ్ తెలిపారు. సెప్టెంబరు 24 సాయంత్రం ఆరోగ్యం అత్యంత విషమంగా ఉందన్న బులెటిన్ వెలువడింది. మరునాడే ఆయన వెళ్లిపోయారు.

వదంతులు నేర్పిన పాఠం

ఆ 51 రోజుల్లో అబద్ధాలూ పోటెత్తాయి. ఆగస్టు 24న నెగెటివ్ వచ్చిందంటూ ముందస్తు ప్రచారం జరిగింది. అది నిజం కాదని అదే రోజు చరణ్ చెప్పాల్సి వచ్చింది. ఆయనకు వ్యాధి ఒక గాయని ద్వారా సోకిందంటూ సామాజిక మాధ్యమాల్లో నిందలు వేశారు. ఆమె ఖండించి, పోలీసులను ఆశ్రయించారు. మరణానంతరం ఆసుపత్రి బిల్లుపై సాగిన ప్రచారాన్నీ కుటుంబం తోసిపుచ్చింది.

వీటిని చేతులు మార్చిన వారిలో అభిమానులూ ఉన్నారు. మంచి కబురు వినాలన్న ఆత్రుత ఒకటి, ఎవరో ఒకరిని తప్పుపట్టాలన్న ఆవేశం మరొకటి. ఈ రెండూ ఆ కుటుంబాన్ని మరింత ఇబ్బంది పెట్టాయి. తన కోసం ఇంట్లోవారు ఇబ్బంది పడకూడదని ఆసుపత్రికి వెళ్లిన మనిషి అభిమానులు ఇది గుర్తుంచుకోవాలి.

కడసారి చూపు దక్కక..

సెప్టెంబరు 26న తిరువళ్లూరు జిల్లా తామరైపాక్కంలోని వ్యవసాయ క్షేత్రంలో తమిళనాడు ప్రభుత్వ అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మామూలు రోజులైతే కోనసీమ నుంచి బస్సులు కట్టుకుని వెళ్లేవారు. అప్పటికి రెండు రాష్ట్రాల మధ్య బస్సులు నడవడం లేదు. ప్రత్యేక రైళ్లే దిక్కు. కరోనా భయం సరేసరి. టీవీ ముందు కూర్చుని కన్నీరు పెట్టుకోవడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

ఆ తరువాత గౌరవాలు వరుస కట్టాయి. భారతరత్న ఇవ్వాలని కోరుతూ సెప్టెంబరు 28న నాటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్మోహన్‌రెడ్డి ప్రధానికి లేఖ రాశారు. నవంబరులో నెల్లూరులోని ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు బాలు పేరు పెట్టారు. 2021 జనవరి 25న కేంద్రం పద్మవిభూషణ్ ప్రకటించింది. 2024లో ఆయన నాలుగో వర్ధంతి నాడు చెన్నైలో ఆయన నివసించిన వీధికి ఆయన పేరు పెడుతున్నట్లు తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది.

పాడే గొంతుకు చేయూత

పురస్కారాలు, పేర్లు ప్రభుత్వాల చేతిలోని పనులు. అభిమానుల చేతిలో ఉన్నది వేరు. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'లో బాలు ఏళ్ల తరబడి ఒక పని మానకుండా చేశారు. పాట పాడే పిల్లలకు రాసిన కవి పేరు, స్వరపరచిన వారి పేరు గుర్తుచేశారు. ఒత్తులు, శ, ష, స తేడాలు దిద్దారు. తప్పు చెప్పినా పిల్లల మనసు నొప్పించలేదు. 2021 డిసెంబరు నుంచి ఆ కార్యక్రమాన్ని చరణ్ ముందుకు నడిపించారు.

ఆ వరవడి పల్లెకు దించుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. జూన్ 4 జయంతి, సెప్టెంబరు 25 వర్ధంతి నాడు దండ వేసి, ఫ్లెక్సీ కట్టి సరిపెట్టుకోకుండా పాఠశాలలో పిల్లలకు పాటల పోటీ పెట్టవచ్చు. అందులో ఉచ్చారణకు మార్కులు వేయవచ్చు. తిరునాళ్లలో రికార్డు పెట్టెతో సరిపెట్టకుండా స్థానిక కళాకారులను పిలిచి పాడించవచ్చు. ముందుగా మాట్లాడుకున్న సొమ్మును కచేరీ ముగిసిన రాత్రే వారి చేతిలో పెట్టవచ్చు. 2020లో ఆదాయం కోల్పోయిన ఆర్కెస్ట్రా గాయకుల్లో ఎక్కువ మంది వేదికలెక్కి పాడుతున్నది బాలు పాటలే. ఆయన పేరిట నిలబెట్టాల్సింది ముందు వారి బతుకును.

సొంత ఇంటిని చదువుకు ఇచ్చి, లాక్‌డౌన్‌లో పాడిన పాటను సాయానికి మళ్లించి బాలు ఆ ఏడాదిని ఆరంభించారు. ఆసుపత్రి ఆయన ఎంచుకున్నది కాదు. ఆ రెండు పనులూ ఎంచుకున్నవి. వాటిని కొనసాగించడమే అభిమానం.